మరుగునపడిన సినిమాలను, సీరియళ్లను మళ్ళీ చూసే పద్ధతి

ఒక సినిమాను రెండోసారి చూడటానికి కూర్చునే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మొదటిసారి చూసినప్పుడు కథ మనల్ని లాక్కుపోతుంది. తరువాత ఏమవుతుందన్న ఆత్రంలో తెర మీద ఉన్నదానిలో సగం కంటికి ఆనదు. రెండోసారి ఆ ఆత్రం ఉండదు కాబట్టి, దాని స్థానంలో మనమే ఒక పని పెట్టుకోవాలి. ఆ పని ఏమిటో ముందుగా అనుకోకుండా కూర్చుంటే పావుగంట తిరక్కుండానే చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఆ పనిని ఎలా ఎంచుకోవాలో, అందుకు ఏయే ఏర్పాట్లు అవసరమో ఇక్కడ చెబుతున్నాను. ఉదాహరణలన్నీ దాదాపుగా గోదావరితో ముడిపడినవే. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఉన్న ప్రేక్షకులకు వాటిలోని రేవులు, ఏటిగట్లు, మాట విరుపు అన్నీ సొంతవి. అందువల్ల రెండోసారి చూసినప్పుడు వీరికి దొరికేది మిగతా వారికి దొరికేదానికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది.

ఎంపిక

ఆడని సినిమా అంతా ఆణిముత్యమని అనుకోవడం ఈమధ్య బాగా పెరిగిన అలవాటు. చాలా సినిమాలు ఆడకపోవడానికి అవి బాగుండకపోవడమే కారణం, అందులో దాపరికం అక్కర్లేదు. మళ్ళీ చూడదగినవాటిని ఏరుకోవడానికి నేను పెట్టుకున్న కొలత చాలా మామూలుది: కథ మొత్తం తెలిసిపోయిన తరువాత కూడా అందులోని ఒక మనిషి గురించో, ఒక చోటు గురించో ఇంకా తెలుసుకోవాలని అనిపిస్తే ఆ సినిమాను పక్కన పెట్టుకోవాలి. కేవలం మలుపు మీద నిలబడిన సినిమాకు ఆ మలుపు తెలిసిపోతే రెండో బతుకు ఉండదు.

దర్శకుడు వంశీ 1988లో తీసిన ‘శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూప్’ ఈ కొలతకు చక్కగా సరిపోతుంది. విడుదలైనప్పుడు అది పెద్దగా ఆడలేదు, అభిమానులు చాలాకాలం తరువాత పోగయ్యారు. తీర్థాలలోనూ సంబరాలలోనూ రాత్రంతా సాగే రికార్డింగ్ డాన్సులను చూసినవారికి ఆ బృందంలోని మనుషులు కొత్తవారు కారు. ఆయనే 1991లో రాజమండ్రి నేపథ్యంగా తీసిన ‘ఏప్రిల్ 1 విడుదల’ కూడా అటువంటిదే, అయితే దానిని మళ్ళీ చూడవలసిన కారణం వేరు. ప్రేమించిన అమ్మాయిని దక్కించుకోవడానికి ఎడాపెడా అబద్ధాలాడిన మనిషి, ఇకమీదట నిజమే చెప్పాలన్న షరతుకు కట్టుబడితే ఏమవుతుందన్నది కథ. మొదటిసారి మనం రెండో సగానికి నవ్వుతాం. రెండోసారి చూస్తే నవ్వంతా మొదటి సగంలోనే ఉన్నట్టు తోస్తుంది. ఎందుకంటే ప్రతి అబద్ధానికీ ముందు ముందు ఎంత వడ్డీ కట్టవలసి వస్తుందో అతనికి తెలియదు, మనకు తెలుసు.

పాటల చాటున మరుగునపడిన సినిమాలు మరొక రకం. పాట అందరికీ నోటికి వచ్చి ఉంటుంది, సినిమాను మాత్రం పూర్తిగా చూసినవారు తక్కువ. గొప్ప పేరు సంపాదించిన దర్శకుల తొలి చిత్రాలది ఇంకో దారి. బాపు తొలి చిత్రం ‘సాక్షి’ (1967), ఇంద్రగంటి మోహనకృష్ణ తొలి చిత్రం ‘గ్రహణం’ (2004) రెండూ ఈ కోవలోవే. చలం కథ ‘దోషగుణం’ ఆధారంగా తీసిన ‘గ్రహణం’ జాతీయ పురస్కారం పొందినా, దాని పేరు విన్నవారిలో చూసినవారు ఎందరో మీ ఇంట్లోనే అడిగి చూడండి.

ప్రింటు సంగతి

సినిమా బాగా లేదని తీర్పు చెప్పేముందు, మనం చూసింది ఆ సినిమానేనా అని పరీక్షించుకోవాలి. యూట్యూబులో ఒకే సినిమా నాలుగైదు చోట్ల ఉంటుంది. మొదట కనబడినదాన్ని నొక్కేయడం కాక, నిర్మాణ సంస్థ గానీ హక్కులున్న సంస్థ గానీ పెట్టిన వీడియోను వెతకాలి. తరువాత నిడివి చూడాలి. పాటలు, కొన్నిసార్లు ఏకంగా సన్నివేశాలు, అందులో లేకపోవచ్చు.

నిడివిని సరిచూసుకోవడానికి ఒక తేలికైన లెక్క ఉంది. సినిమా మొదట్లో క్షణకాలం కనిపించి మాయమయ్యే సెన్సారు పత్రం దగ్గర వీడియోను ఆపండి. అందులో సినిమా పొడవు మీటర్లలో, రీళ్ళ సంఖ్యతో సహా రాసి ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది, ఆ వేగంలో నిమిషానికి దాదాపు 27.4 మీటర్ల ఫిల్ము కదులుతుంది. కాబట్టి పత్రంలో 3950 మీటర్లని ఉంటే సినిమా 144 నిమిషాలు ఉండాలి. మీ ముందున్న వీడియో 138 నిమిషాలే ఉంటే వెంటనే కత్తిరించారని నిందించకండి. మన టెలివిజన్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు నడుస్తాయి, అందుకని టీవీ కోసం తయారుచేసిన పాత కాపీలు నూటికి నాలుగు పాళ్ళు వేగంగా పరుగెత్తి ముందే పూర్తవుతాయి. పాటల శ్రుతి కొంచెం హెచ్చుగా వినబడటానికీ ఇదే కారణం. అదే 144 నిమిషాల సినిమా 120 నిమిషాలకు ముగిసిందంటే మాత్రం మీకు దొరికింది ముక్కలే. వేరే కాపీ వెతుక్కోవాలి.

చట్రం, అంటే తెర మీది బొమ్మ హద్దుల విషయంలో జరిగే అన్యాయం ఇంతకన్నా ఎక్కువ. పూర్తి నిడివి తెలుగు సినిమా స్కోపులో, అంటే బాగా వెడల్పాటి బొమ్మతో, మొదటిసారి వచ్చింది 1974లో, ‘అల్లూరి సీతారామరాజు’తో. అంతకు ముందటి బొమ్మ ఇంచుమించు చతురస్రంగా ఉంటుంది. ఆ కాలపు సినిమా మీ ఫోను తెరను అటు చివర నుంచి ఇటు చివర దాకా నింపిందంటే, పైన తలలో కింద కాళ్ళో కోసేసి ఉంటారు. లేదా మనుషులను అడ్డంగా సాగదీసి ఉంటారు. సాగదీసినదైతే టీవీ సెట్టింగులలో బొమ్మ కొలతను అసలు స్థితికి మార్చుకుంటే సరిపోతుంది. కోసేసినదానికి మందు లేదు. ‘సాక్షి’ వంటి సినిమాలో ఈ తేడా చాలా బాధిస్తుంది, ఎందుకంటే దానిని తీసినాయన అప్పటికే పేరున్న చిత్రకారుడు. ఎవరు ఏ మూలన నిలబడాలో బొమ్మ గీసినట్టే కూర్చిన చట్రాన్ని పైనా కిందా తెగ్గోస్తే మిగిలేది కథాసారాంశం మాత్రమే.

చూసేటప్పుడు

ఒకసారికి ఒకే పని పెట్టుకోవాలన్నది ముఖ్యమైన నియమం. ఛాయాగ్రహణం, సంభాషణలు, నటన, సంగీతం అన్నీ ఒకేసారి గమనించబోతే ఏదీ నిలవదు.

‘సాక్షి’కి ఒక పని చెబుతాను. బాపు పుట్టింది నరసాపురంలో, రచయిత ముళ్ళపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరంలో. డెల్టా తల దగ్గర ఒకరు, తోక దగ్గర ఒకరు పుట్టిన ఆ ఇద్దరూ ఆత్రేయపురం దగ్గరి పులిదిండిలో ఈ సినిమా తీశారు. హత్యను కళ్ళారా చూసి కోర్టులో ఉన్నమాట చెప్పిన అమాయకుడి మీద హంతకుడు పగబట్టి తిరిగి వస్తుంటే, అంతదాకా మెచ్చుకున్న ఊరే మొహం చాటేస్తుంది. మొదటిసారి మన దృష్టంతా ఆ అమాయకుడిగా వేసిన కృష్ణ మీదే ఉంటుంది. రెండోసారి ఆయన్ని చూడకండి. ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీసి, ఒక వైపు ఆ కుర్రవాణ్ణి పొగిడిన ప్రతి మనిషినీ, రెండో వైపు అదే మనిషి తరువాత చెప్పిన సాకునూ రాసుకుంటూ చూడండి. భయపడేవాడు ఒక తీరు, లౌక్యుడు ఒక తీరు, నిజంగానే చేతకానివాడు మరొక తీరు. ఈ మనుషులందరినీ మన ఊరి రచ్చబండ దగ్గర చూసే ఉంటామన్న సంగతి ఆ కాగితం సగం నిండేసరికి తెలిసిపోతుంది. అప్పటి నుంచి సినిమా హీరోది కాకుండా ఊరిది అవుతుంది. నా దృష్టిలో దీనిని మళ్ళీ చూడవలసిన అసలు కారణం ఇదే. పగ, పోరాటం అన్నవి మిగతా సినిమాల్లోనూ దొరుకుతాయి.

వంశీ సినిమాలకు చెవి పని పెట్టండి. కనీసం ఒక రీలు అంతసేపు, అంటే పది నిమిషాలు, తెర వైపు చూడకుండా ఇయర్‌ఫోన్లలో వినాలి. గోదావరి వెటకారంలో కోత ఎప్పుడూ మర్యాద వెనకే ఉంటుంది. ‘ఆయ్’ అని వినయంగా మొదలై ‘అండి’తో ముగిసిన మాట, ఎదుటివాడి పరువును మధ్యలో ఎక్కడో తీసేసి వెళ్ళిపోతుంది. ఆ మాటకు ముందు వచ్చే చిన్న ఆగడం హాల్లో నవ్వుల మధ్య వినబడేది కాదు. ఒంటరిగా వింటే, నవ్వు మాటలో కన్నా ఆ ఆగడంలోనే ఎక్కువుందని తెలుస్తుంది. డెల్టా బయట పెరిగిన పిల్లలకు ఈ యాసను పరిచయం చేయడానికి కూడా ఇది మంచి దారి.

మూడో పని చోటును చూడటం. దీనికి పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోవాలి. కథ మధ్యలో వాళ్ళు మాట్లాడతారని విసుక్కోకుండా రిమోటు చేతిలో పట్టుకుని, తాతగారు ‘ఆగు, ఆగు, ఆ వెనకాల ఉన్నది చూడనియ్’ అన్నప్పుడల్లా బొమ్మను ఆపాలి. వారు చెప్పింది ఫోనులో రికార్డు చేసుకుంటే మరీ మంచిది. అయితే చిత్రీకరణలో ఒక వీధి ఒక ఊరిదీ, ఆ వీధి చివరి మలుపు ఇంకొక ఊరిదీ కావడం మామూలే కనుక, ఒకరు చెప్పినదాన్ని మరొకరితో సరిచూసుకోవాలి.

రాజమండ్రి దగ్గర తీసిన దృశ్యాలకు వంతెనలే సాక్ష్యం చెబుతాయి. పాత హేవలాక్ వంతెన 1900 నుంచి ఉంది, దాని మీద రైళ్ళు 1997 దాకా నడిచాయి. రోడ్డు కమ్ రైలు వంతెన 1974లో వచ్చింది, విల్లుల వంతెన 1997లో, కొవ్వూరు వైపు నాలుగో వంతెన 2015లో వచ్చాయి. నది మీద విల్లులు కనబడితే ఆ దృశ్యం తొంభైల ముందుది కాదు. నదంతా కనబడే దృశ్యంలో ఒక్క వంతెనే ఉంటే అది 1974 వంతెన కట్టకముందుది అయి ఉండవచ్చు. పిల్లలకు ఇది మంచి ఆట, పెద్దలకు జ్ఞాపకం. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ‘సినిమా చెట్టు’గా పేరుపడిన నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోయింది. దాని నీడన తీసిన సినిమాలు లెక్కకు మిక్కిలి. ఇప్పుడు ఆ చెట్టును నిండుగా చూడాలంటే ఆ సినిమాలే దిక్కు, వాటిలో కొన్ని చెట్టు కోసం తప్ప మరిదేనికీ చూడదగినవి కావని కూడా చెప్పాలి.

సినిమాలను జతగా చూడటం మరొక మంచి ఉపాయం. బాపు ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) రెండింటిలోనూ రాజమండ్రి నుంచి భద్రాచలానికి నీటి మీద ప్రయాణమే కథకు ఆధారం. రెండింటికీ మధ్య 33 ఏళ్ళు ఉన్నాయి. వరసగా రెండు రాత్రులు చూసి, పడవలో ఎవరెవరు ఎక్కారో, ఎవరు ఎవరి పక్కన కూర్చోవడానికి ఒప్పుకున్నారో, అన్నాలు ఎలా వడ్డించారో మాత్రమే పోల్చుకోండి. డెల్టాకు ఎగువన పోలవరం పనుల వల్ల ఆ ఒడ్డు ఊళ్ళు కొన్ని ఇప్పటికే నీళ్ళ పాలయ్యాయి కాబట్టి, వెనకాల కదిలిపోయే గట్టును కూడా ఈసారి తీరిగ్గా చూడటం అవసరం.

సీరియళ్లు, పాత క్యాసెట్లు

సీరియళ్లను మొదటి నుంచి చివరి దాకా వరసగా మళ్ళీ చూడటం దండగ. గుణ్ణం గంగరాజు రూపొందించిన హాస్య సీరియల్ ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో వచ్చింది. ఏ భాగానికి ఆ భాగం ముగిసిపోయే కథ కనుక ఎక్కడ తెరిచినా ఫరవాలేదు. దీనిలో గమనించవలసిన పని ఒకటుంది. అమృతం పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేరు వేరు కాలాల్లో పోషించారు, పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మాత్రం మారలేదు. ముగ్గురి భాగాలూ ఒక్కొక్కటి తీసుకుని వరసగా చూస్తే, ఎదుటి నటుడి వేగాన్ని బట్టి హనుమంతరావు తన అమాయకత్వపు పాళ్ళను ఎలా మార్చుకున్నారో తెలుస్తుంది. ఇంటి యజమాని అప్పాజీ ఇంటద్దె గురించి గొంతెత్తిన ప్రతిసారీ మిగతావారు ఏం చేస్తున్నారో చూడటం మరొక సరదా. రాత్రికి రెండు భాగాలు చాలు, మూడోదానికి నవ్వు పలచబడుతుంది.

ఇంటర్నెట్‌లో దొరకని కార్యక్రమాలు అటక మీది వీడియో క్యాసెట్లలో ఉండవచ్చు, టీవీలో వస్తుండగా రికార్డు చేసుకున్న ఇళ్ళు ఇక్కడ తక్కువేమీ కాదు. మన గాలిలోని తేమ వాటికి ప్రథమ శత్రువు. క్యాసెట్టు పైనున్న చిన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీలోంచి టేపు చుట్ట అంచును వెలుతురులో చూడండి. తెల్లటి పొడిలాగానో సాలెగూడు పోగుల్లాగానో కనిపిస్తే అది బూజు. అటువంటి క్యాసెట్టును ప్లేయర్లో పెట్టకూడదు, టేపును చదివే హెడ్డు పాడవడమే కాక తరువాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ ఆ బూజు అంటుకుంటుంది. వాటిని విడిగా ఒక సంచిలో కట్టి, టేపును శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చేవారికి ఇవ్వాలి. ఇచ్చేముందు శుభ్రం చేసే పని వారే చేస్తారా లేక నేరుగా ప్లేయర్లో పెట్టేస్తారా అని అడిగి తెలుసుకోండి. బాగున్నవాటిని మొదటికంటా చుట్టి, పుస్తకాల్లాగా నిలువుగా, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో ఉంచి, వర్షాకాలం మొదలవకముందే ఆ పొట్లాలను మార్చాలి.