దివ్యాంగుల పింఛన్‌కు సదరం సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఎలా?

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయల పింఛన్ ఇస్తున్నారు. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉండాలి. మిగతా కాగితాలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

1. కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, ఫొటోలు, ఆధార్‌కు లింకయిన ఫోన్. కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. సొంత కారున్నా, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా పింఛన్ రాదు. ఆటో, ట్రాక్టర్ ఉంటే పర్వాలేదు. అన్నీ ట్యాగు కట్టిన అట్ట ఫైల్లోనే పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో కుక్కి తెచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

2. స్లాట్. అంటే ప్రభుత్వ ఆసుపత్రిలో వైకల్య పరీక్షకు తేదీ. గ్రామ, వార్డు సచివాలయంలోనైనా మీసేవలోనైనా బుక్ చేస్తారు. సచివాలయానికే వెళ్ళండి. రేపు పింఛన్ దరఖాస్తు తీసుకునేదీ వాళ్ళే, మీ ముఖం గుర్తుంటుంది. "శాతం నేను వేయిస్తా" అనే దళారీకి పైసా ఇవ్వకండి. శాతం వేసేది డాక్టరు.

బుక్ చేసేటప్పుడే వైకల్యం రకం సరిగ్గా పడిందో లేదో స్క్రీన్ మీద చూడండి. కాలికి ఎముకల డాక్టరు, చెవికి ఈఎన్‌టీ, మానసిక సమస్యకు సైకియాట్రిస్టు చూస్తారు. రకం తప్పు పడితే, ఆ రోజు అక్కడ మీకు కావలసిన డాక్టరే ఉండకపోవచ్చు. నడవలేని మనిషిని ఆటోలో తీసుకెళ్ళి ఊరికే తిరిగి రావాల్సి వస్తుంది.

3. పరీక్ష రోజు. అసలు కష్టమంతా ఇక్కడే. పాత చీటీలు, ఎక్స్‌రేలు, స్కాన్ రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ తేదీల వరుసలో పేర్చుకుని వెళ్ళండి. పక్షవాతం ఎప్పుడొచ్చింది, ఎక్కడ వైద్యం చేయించారు అన్నది కాగితమే చెప్పాలి. డాక్టరు ముందున్న వరుసలో చాలామంది ఉంటారు, మీ కథంతా వినే తీరిక ఆయనకు ఉండదు.

పెద్దాయన తరఫున కొడుకులు గలగలా మాట్లాడేస్తుంటారు. అది మానండి. "చొక్కా బొత్తాలు పెట్టుకోలేను, మెట్లు ఎక్కలేను" అని ఆయన నోటితోనే చెప్పనివ్వండి. ఉన్నది దాచొద్దు, లేనిది కలపొద్దు. కాస్త ఎక్కువ కుంటితే శాతం పెరుగుతుందని ఎవరో చెబుతారు. కొలిచే డాక్టరుకు ఆ నటన ఇట్టే తెలిసిపోతుంది. పైగా 2025లో పాత సర్టిఫికెట్లను కూడా మళ్ళీ తనిఖీ చేశారు. దొంగ శాతం తెచ్చుకుంటే రోజూ టెన్షనే.

4. సర్టిఫికెట్ రాగానే పేరు, పుట్టిన తేదీ, శాతం చూసుకోండి. తాత్కాలికమా, శాశ్వతమా అన్నది తప్పకుండా చూడండి. తాత్కాలికమైతే గడువు తీరేలోపే మళ్ళీ స్లాట్ తీసుకోవాలి. చాలామంది పింఛన్ ఆగాక గానీ ఆ తేదీ చూడరు. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు 2016 నాటి దివ్యాంగుల చట్టంలోనే ఉంది. డాక్టరుతో గొడవపడి లాభం లేదు.

5. దరఖాస్తు. కొత్తవి తీసుకుంటున్నప్పుడు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. మంజూరయ్యాక డబ్బు ఇంటికే తెచ్చిస్తారు. ఊళ్ళో లేక రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు, అప్పటికి మాత్రం ఊరు చేరాలి.