ఆన్‌లైన్ పాఠంలో బొమ్మలు మసకబారకుండా పబ్లిష్ చేయడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు పిల్లల కోసం ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే టీచర్లకు ఒక చిక్కు ఉంటుంది. ఒకే బొమ్మ మీద తెలుగులోనూ ఒడియాలోనూ పేర్లు వేయాలి. బొమ్మ కాస్త మసకబారినా ముందు దెబ్బతినేది ఆ అక్షరాలే. ‘ద’కీ ‘ధ’కీ మధ్య ఉన్నది కింద చిన్న గీత. అది చెదిరిపోతే పిల్లలు తప్పు నేర్చుకుంటారు. ఈ పనిలో ‘ఏదో కనిపిస్తోంది కదా’ అని సరిపెట్టుకోకూడదు.

మసక ఎక్కడ మొదలైందో ముందు పట్టుకోండి. సెట్టింగులన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అసలు ఫొటోను కంప్యూటర్లో 100 శాతం జూమ్‌లో చూడండి. తర్వాత పబ్లిష్ చేసిన జిప్ ఫైల్ విప్పి, అందులో అదే బొమ్మను వెతికి తెరవండి. అసలు ఫొటోయే మసకగా ఉంటే లోపం సేకరణలో ఉంది. అసలు బాగుండి జిప్‌లోది పాడైతే పబ్లిష్ సెట్టింగులు చూడాలి. రెండూ బాగుండి తెర మీద మాత్రమే మసకగా ఉంటే, ప్లేయర్, అంటే పాఠాన్ని తెర మీద చూపించే చట్రం, దాన్ని సాగదీస్తోందన్నమాట.

ఫొటోను వాట్సాప్‌లో ఫొటోగా తెప్పించుకోవద్దు. డాక్యుమెంట్‌గా పంపమనండి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల మీద పాఠం అనుకుందాం. కొమ్ముతో చెక్కిన పక్షి రెక్క మీది సన్నని గీతలు, ఫొటోగా పంపినప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గోధుమరంగు మరకలా మారతాయి. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే ఏ గీతకా గీత విడిగా కనిపిస్తుంది. పోయిన వివరం తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తో పెద్దది చేసినా నిజంగా తిరిగి రాదు.

కొలత పిక్సెళ్లలో చూడండి. 72, 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అంటూ టెన్షన్ పడక్కర్లేదు. అది అచ్చుకు కావలసిన లెక్క. స్లైడ్ 1280×720 ఉండి, బొమ్మ అందులో సగం వెడల్పు తీసుకుంటే దాని చోటు 640 పిక్సెళ్లు. ఫొటోను అంతకు రెట్టింపు, అంటే 1280 వెడల్పులో సిద్ధం చేసుకోండి. ఇప్పటి ఫోన్ల తెరల మీద పిక్సెళ్లు చాలా దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ అదనం అక్కరకొస్తుంది. ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే స్టోరీలైన్ సాఫ్ట్‌వేర్‌లో పాత ప్రాజెక్టులు చాలావరకు 720×540లో ఉంటాయి. వాటిని 1080 పిక్సెళ్ల ఎత్తున్న తెర మీద నిండుగా చూపిస్తే ప్రతి బొమ్మా రెండింతలు సాగుతుంది. స్లైడ్ సైజు పాఠం మొదలుపెట్టేటప్పుడే పెద్దదిగా పెట్టుకోవడం మంచిది. మధ్యలో మారిస్తే అన్నీ మళ్లీ సర్దుకోవాలి.

ఫొటోకి జేపీజీ, స్క్రీన్‌షాట్‌కీ పటానికీ పీఎన్‌జీ. జేపీజీ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కొంత సమాచారం వదిలేస్తుంది. ఆకాశం, చెట్లు ఉన్న ఫొటోలో అది కంటికి ఆనదు. అక్షరం అంచులో మాత్రం చుట్టూ మురికి పట్టినట్టు కనిపిస్తుంది. జేపీజీని ఎడిట్ చేసి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. అసలు ఫైళ్లు వేరే ఫోల్డర్లో దాచి, మార్పు కావాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి. గీతలతో వేసిన పటమైతే, మీ టూల్ తీసుకుంటే, ఎస్‌వీజీ ఇంకా మేలు. ఎంత పెద్దది చేసినా చెదరదు.

పేర్లను బొమ్మలో కలిపేయవద్దు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పాత అను ఫాంట్లలో టైప్ చేసినది ఫోన్లో చదవరాక, చాలామంది దాన్నే స్క్రీన్‌షాట్ తీసి అతికిస్తారు. దానికి బదులు ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో టైప్ చేసి, బొమ్మ మీద వేరే టెక్స్ట్‌గా పెట్టండి. విండోస్‌లోని నిర్మలా యూఐ ఫాంట్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ఒకే పటం మీద రెండు భాషలూ ఒద్దికగా కుదురుతాయి.

పాఠం పవర్‌పాయింట్‌లో మొదలుపెడితే, బొమ్మలు చేర్చకముందే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ‘డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్’కి టిక్ పెట్టండి.

స్టోరీలైన్‌లో పబ్లిష్ చేసేటప్పుడు బొమ్మల క్వాలిటీని కస్టమ్‌కి మార్చి 85–90 దగ్గర పెట్టి చూడండి. 100 పెడితే ఫైల్ బరువు పెరుగుతుంది, కంటికి తేడా పెద్దగా తెలియదు. ప్లేయర్‌ని ‘స్కేల్ టు ఫిల్’ బదులు ‘లాక్ ఎట్ ఆప్టిమల్ సైజ్’లో ఉంచితే సాగదీత ఆగుతుంది.

చివరగా బ్రౌజర్ క్యాష్‌ (ముందు చూసిన పేజీలను బ్రౌజర్ దాచుకునే చోటు) తీసేసి, మామూలు ఫోన్లో తెరిచి చూడండి. లేకపోతే పాత బొమ్మే కనిపించి, మార్పు పనిచేయలేదనుకుంటారు. కొండ ఊళ్లలో సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి బరువు కూడా గమనించండి. పాఠం నెమ్మదిగా తెరుచుకుంటుంటే క్వాలిటీ తగ్గించేముందు ఫొటోలో అక్కర్లేని గోడ, నేల కత్తిరించి, కావలసిన భాగం మాత్రమే ఉంచండి.