ఎంజీబీకి (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు స్పార్క్ పంచే భాగం) కొనేముందు

– 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివే బాడీకి ఎర్త్. నెగటివ్ ఎర్త్ కార్ల కోసం చేసిన మాడ్యూల్ (డిస్ట్రిబ్యూటర్‌లోని ఎలక్ట్రానిక్ భాగం) బిగించి తాళం తిప్పితే అక్కడికక్కడే కాలిపోవచ్చు. పాత యజమాని వైరింగ్ మార్చి ఉండొచ్చు కూడా. అందుకే ఏ టెర్మినల్ వైరు బాడీకి వెళ్తోందో కళ్లారా చూసుకోండి.

– కాయిల్ (స్పార్క్‌కు కావలసిన హై వోల్టేజ్ ఇచ్చేది) రెసిస్టెన్స్‌ను మల్టీమీటర్‌తో కొలవండి. మామూలుదైతే సుమారు 3 ఓమ్‌లు, బ్యాలస్ట్‌దైతే (విడిగా రెసిస్టర్‌తో కలిపి వాడేది) 1.5. మాడ్యూల్‌కు చెప్పిన కనిష్ఠం కంటే తగ్గకూడదు.

– రాగి ప్లగ్ వైర్లు వద్దు, సప్రెసర్ వైర్లే (విద్యుత్ జోక్యాన్ని తగ్గించేవి) వేయాలి.

– అడ్వాన్స్ కర్వ్ (ఇంజిన్ వేగాన్ని బట్టి స్పార్క్ ఎంత ముందుగా రావాలన్న లెక్క) మీ ఇంజిన్‌దేనా? నన్నడిగితే ధరకన్నా ఇదే ముఖ్యం. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్‌దీ ఎంజీబీ ఇంజిన్‌లాగే బీ-సిరీస్ కుటుంబమే; అంతమాత్రాన దాని కర్వ్ ఎంజీబీ 1798 సీసీకి సరిపోతుందనుకోవద్దు.

– పాత టాకోమీటర్ (ఇంజిన్ వేగం చూపే మీటర్) కొత్త డిస్ట్రిబ్యూటర్‌తో పనిచేస్తుందో లేదో ముందే అడగండి.