హబుల్ డేటాతో అంతరిక్ష చిత్రాన్ని ఇంట్లోనే రంగుల్లో తయారు చేయడం ఎలా?

ఈగిల్ నెబ్యులా అనే అంతరిక్ష వాయు మేఘంలోని 'సృష్టి స్తంభాలు' ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మూడు పొగ స్తంభాలు, వాటి అంచున బంగారు వెలుగు, వెనక ఆకుపచ్చా నీలం కలిసిన ఆకాశం. 1995 ఏప్రిల్ 1న హబుల్ టెలిస్కోప్‌తో జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ తీసిన చిత్రం అది. దాన్ని చూసినవాళ్లంతా ఒకటే అడుగుతారు: "ఆ రంగులు నిజమేనా?" ఈ ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను. అదే డేటా చేతికిచ్చి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "మీరే చేసి చూడండి" అంటాను. ఒక పూట కూర్చుంటే చిత్రమూ వస్తుంది, జవాబూ దొరుకుతుంది.

ఇలా చేసినవాళ్లు నాకు పంపే చిత్రాలు పది చూస్తే ఎనిమిదింట్లో ఒకే తప్పు కనిపిస్తుంది. ఆకాశం తారు పూసినట్టు నల్లగా ఉంటుంది, నక్షత్రాలు సున్నం చుక్కల్లా తెల్లగా ఉంటాయి, మధ్యలో ఉండాల్సిన పల్చటి వాయువంతా మాయమై ఉంటుంది. ఆ వాయువు కోసమే కదా ఇంత పెద్ద టెలిస్కోప్‌ను పైకి పంపింది! తప్పు జరిగేది స్ట్రెచ్ అనే ఒక్క మెట్టు దగ్గరే. అందుకే మిగతావి గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

ఏమేం కావాలి

ఒక కంప్యూటర్. ఫోన్‌తో ఈ పని చేయకండి. టెలిస్కోప్ డేటా ఫైళ్లను తెరిచే ఫిట్స్ లిబరేటర్, ఫొటోలు దిద్దే గింప్ అనే రెండు సాఫ్ట్‌వేర్లు, రెండూ ఉచితమే. స్క్రీన్‌కు రాత్రిపూట పసుపు రంగు తెచ్చే సెట్టింగ్ ఏదైనా ఉంటే ఆపేయండి. పని మధ్యలో వెలుతురు పెంచడం, తగ్గించడం చేయకండి. టెలిస్కోప్ అక్కర్లేదు.

1. డేటా తెచ్చుకోండి

హబుల్, జేమ్స్ వెబ్ టెలిస్కోపుల డేటా అంతా 'మాస్ట్' అనే ఆర్కైవ్‌లో ఉంటుంది. దీన్ని బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. కొత్త పరిశీలనల్లో చాలావాటిని మొదట కొంతకాలం, మామూలుగా ఒక ఏడాది వరకు, వాటిని ప్రతిపాదించిన శాస్త్రవేత్తలే వాడుకుంటారు. ఆ తర్వాత ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

మొదటిసారి చేసేవాళ్లు జేమ్స్ వెబ్ జోలికి వెళ్లకండి. దాని ఫైళ్లు చాలా పెద్దవి, పైగా కాంతి మరీ ఎక్కువైన నక్షత్రాల నడిబొడ్డున నల్లటి రంధ్రాలు కనిపిస్తాయి. వాటిని సరిచేయడమే వేరే విద్య. 1995 నాటి సృష్టి స్తంభాలతోనే మొదలుపెట్టండి. సాధన కోసం ఆ మూడు ఫైళ్లను ఫిట్స్ లిబరేటర్ వాళ్లే అందుబాటులో పెట్టారు. పేర్లు 502, 656, 673 అంకెలతో మొదలవుతాయి. ఆర్కైవ్ నుంచే తెచ్చుకుంటామంటే ముడి ఫైళ్లు కాకుండా, శుద్ధి చేసి కలిపిన ఫైళ్లు తీసుకోండి. ఒక్కో ఫైల్లో పొరలు చాలా ఉంటాయి. 'సైన్స్' అనే పొరలోనే చిత్రం ఉంటుంది, మిగతావి లోపాల లెక్కలు.

ఆ అంకెలు నానోమీటర్లలో కాంతి తరంగదైర్ఘ్యాలు. 502 దగ్గర రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ వెలుగుతుంది, 656 దగ్గర హైడ్రోజన్, 673 దగ్గర ఒక ఎలక్ట్రాన్ పోయిన గంధకం. హబుల్ కెమెరాకు రంగు తెలియదు. ముందు ఒక ఫిల్టర్ అడ్డుపెట్టుకుని, దానిగుండా వచ్చిన కాంతి ఎంతో లెక్కపెడుతుంది. మనకొచ్చే ప్రతి ఫైలూ నలుపు తెలుపుల్లో ఉండే ఒక అంకెల పట్టిక.

ఈ ఆక్సిజన్ కాంతి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1864లో విలియం హగ్గిన్స్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక నెబ్యులా కాంతిని పట్టకంతో విడదీసి చూస్తే, భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ సరిపోని ఆకుపచ్చ గీత కనిపించింది. ఇదేదో కొత్త మూలకమని దానికి 'నెబ్యులియం' అని పేరు కూడా పెట్టారు. 1927లో ఐరా బోవెన్ అనే శాస్త్రవేత్త తేల్చిందాకా అది మనం పీల్చే ఆక్సిజనే అని ఎవరికీ తెలియదు. వాయువు అత్యంత పల్చగా ఉన్నచోటే ఆ కాంతి పుడుతుంది. మీరు దించుకున్న 502 ఫైల్లో ఉన్నది ఆ కాంతే.

2. తెరవండి, కంగారుపడకండి

ఫిట్స్ లిబరేటర్‌లో ఫైల్ తెరవగానే దాదాపు అంతా నలుపే కనిపిస్తుంది, అక్కడక్కడా నాలుగు చుక్కలు. ఫైల్ పాడైందని మూసేయకండి, అది అలాగే ఉండాలి. ఒక మూల మెట్లలా కత్తిరించినట్టు ఖాళీ ఉన్నా కంగారు వద్దు. అప్పటి కెమెరాలోని నాలుగు చిప్‌లలో ఒకటి ఆకాశాన్ని మిగతావాటికన్నా పెద్దదిగా చూపించేది. దాని చిత్రాన్ని మిగతావాటి కొలతకు కుదించి అతికిస్తే ఆ ఖాళీ మిగులుతుంది.

3. స్ట్రెచ్: ఇక్కడ తొందరపడకండి

ఫైల్లో నక్షత్రం నడుమ ఉన్న విలువకూ, పల్చటి వాయువు విలువకూ మధ్య వేల రెట్ల తేడా ఉంటుంది. స్క్రీన్ మీద నలుపు నుంచి తెలుపు దాకా ఉన్నవి 256 మెట్లే. ఉన్నదున్నట్టు చూపిస్తే వాయువంతా అడుగు మెట్టు కిందే పడిపోతుంది. దాన్ని పైకి లాగాలి, నక్షత్రాలను మాత్రం పెద్దగా కదిలించకూడదు. స్ట్రెచ్ అంటే ఇదే.

దీన్ని మోసం అనేవాళ్లున్నారు. రాత్రి ఆకాశం చూసే అలవాటున్న ఎవరినైనా అడగండి: ప్రకాశాన్ని బట్టి వేసిన తరగతుల్లో మొదటి తరగతి నక్షత్రం ఆరో తరగతి నక్షత్రం కంటే 100 రెట్లు ప్రకాశవంతం, కంటికి మాత్రం ఐదు మెట్ల తేడాగానే తోస్తుంది. మన కన్ను పుట్టుకతోనే స్ట్రెచ్ చేసి చూస్తుంది. కెమెరా చేయదు కాబట్టి ఆ పని మనం చేస్తున్నాం.

స్ట్రెచ్ పద్ధతుల జాబితాలో ఆర్క్ సిన్‌హెచ్ ఎంచుకోండి. లాగరిథమ్ వద్దు. అది అడుగున ఉన్న మసకనంతా పైకి తెచ్చి, చిత్రానికి దుమ్ము పట్టినట్టు చేస్తుంది. వర్గమూలం చాలాసార్లు చాలదు. ఆర్క్ సిన్‌హెచ్ మసక భాగాల్ని మెత్తగా లేపుతుంది, వెలుగు భాగాల్ని అణచి ఉంచుతుంది. ఆటోమేటిక్ మీట మాత్రం నొక్కకండి. ఈ ఫైల్లో మీకు ముఖ్యమైనది ఏమిటో దానికి తెలియదు.

ఇక బ్యాక్‌గ్రౌండ్ లెవెల్, అంటే ఆకాశపు నేపథ్యం విలువ ఎంతో చెప్పే సెట్టింగ్. అసలు ప్రమాదం ఇక్కడే. ఆకాశం నల్లగా ఉండాలి కదా అని దీన్ని పెంచుకుంటూ పోతారు. పెంచేకొద్దీ చిత్రం 'బాగుపడుతున్నట్టు' కనిపిస్తుంది, నక్షత్రాలు మెరుస్తాయి, స్తంభాల అంచులు తేలుతాయి. ఆ మెరుపు చూసి మోసపోవద్దు. స్తంభాల చుట్టూ ఆవిరిలా లేచే పల్చటి వాయువు ఆ నలుపులో కలిసిపోతోంది. ఒకసారి తెగి సున్నా అయిపోయిన విలువను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ఇంకో సూక్ష్మం ఉంది. ఇలాంటి ఫైళ్లలో సున్నా కంటే తక్కువ విలువలు కూడా కనిపిస్తాయి. కాంతి సున్నా కంటే తక్కువ ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. నేపథ్యపు వెలుగును ముందే తీసేస్తారు కాబట్టి, మిగిలిన గరుకుదనం సున్నాకు అటూ ఇటూ ఊగుతుంటుంది. మీరు నలుపును సరిగ్గా సున్నా దగ్గర పెట్టారంటే ఆ ఊగులాటలో సగాన్ని నరికేసినట్టే. నేపథ్యం మచ్చలు మచ్చలుగా, చీడ పట్టిన ఆకులా తయారవుతుంది. ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే పటం హిస్టోగ్రామ్. నలుపు గీత ఆ హిస్టోగ్రామ్ గుట్ట మొదలయ్యే చోటుకు ఇంకా కొంచెం ఎడమగా ఉండాలి. గుట్టకూ ఎడమ గోడకూ మధ్య సందు కనిపించాలి. సందు లేదంటే మీరు కోసేశారన్నమాటే.

నా లెక్కలో చిత్రం పూర్తయ్యాక నేపథ్యపు విలువ 255కి 20, 25 మధ్య ఉండాలి. 10కి దిగితే నేను ఆ ఫైలు పక్కన పెట్టి మళ్లీ మొదలుపెడతాను. అంతరిక్షం నల్లగా ఉంటుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. ఇది నెబ్యులా లోపలి దృశ్యం. ఫ్రేమ్‌లో ఏ మూల చూసినా ఏదో ఒక వాయువు వెలుగుతూనే ఉంటుంది.

అత్యధిక వెలుగుగా దేన్ని లెక్కించాలో చెప్పేది పీక్ లెవెల్. దాన్ని నక్షత్రాల మీద పెట్టకండి, స్తంభాల అంచుల్లో బాగా వెలిగే చోట పెట్టండి. నక్షత్రాల నడుమలు కొన్ని పూర్తి తెల్లబడినా ఫర్వాలేదు, వాయువు మాత్రం ఎక్కడా తెల్లబడకూడదు. తెగిపోయిన పిక్సెళ్లకు రంగు వేసి చూపించే ఆప్షన్ ఉంటుంది. పని జరిగినంతసేపూ దాన్ని ఆన్‌లోనే ఉంచండి. ఎంత గట్టిగా లాగాలో చెప్పే స్కేల్డ్ పీక్ విలువను 10తో మొదలుపెట్టి, 100 వైపు నెమ్మదిగా జరపండి. జరిపిన ప్రతిసారీ చెయ్యి తీసి, చిత్రాన్ని చిన్నది చేసి ఒకసారి, పెద్దది చేసి ఒకసారి చూడండి. దూరం నుంచి బాగుండి దగ్గరికెళ్తే ఇసక పోసినట్టు ఉంటే ఎక్కువ లాగారని అర్థం.

మూడు ఫైళ్లకూ ఒకే సెట్టింగులు పెట్టాలా, విడివిడిగా పెట్టాలా? విడివిడిగానే. విశ్వంలో హైడ్రోజనే ఎక్కువ కాబట్టి 656 ఫైలు మిగతా రెండింటినీ మింగేసేంత ప్రకాశవంతంగా ఉంటుంది. రంగులు కలిపేటప్పుడు దానికి ఇచ్చేది ఆకుపచ్చ, అందుకే ఒకే సెట్టింగు పెడితే చివరికి వచ్చేది ఆకుపచ్చ ముద్ద. హైడ్రోజన్‌ను తక్కువగా, గంధకాన్నీ ఆక్సిజన్‌నూ ఎక్కువగా లాగి, మూడు గుట్టలూ ఇంచుమించు ఒకేచోట నిలిచేలా చూడండి. అలా చేస్తే అసలు నిష్పత్తి పోతుందని కొందరు వాదిస్తారు. నిష్పత్తి కొలవాలంటే అసలు ఫైల్లోని అంకెలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, అక్కడే కొలుచుకోవాలి. చిత్రం పని వేరు, ఏ వాయువు ఎక్కడుందో చూపించడం.

అయ్యాక 16 బిట్ టిఫ్‌గా సేవ్ చేయండి. అందులో 65,536 మెట్లుంటాయి. ఈ దశలో జేపెగ్‌గా సేవ్ చేస్తే ఇంతసేపు పడ్డ శ్రమ వృథా. ఇంకో మాట, స్ట్రెచ్ చేసిన రోజే ముగించకండి. మర్నాడు తాజా కళ్లతో చూడండి. రాత్రి బాగుందనుకున్నది పొద్దున చూస్తే మళ్లీ చేయాలనిపించడం నాకు ఇప్పటికీ జరుగుతుంది.

4. రంగులు కలపండి

గింప్‌లో మూడు టిఫ్‌లూ తెరిచి, రంగుల మెనూలోని 'కాంపోనెంట్స్'లో 'కంపోజ్' నొక్కండి. 673 ఎరుపుకు, 656 ఆకుపచ్చకు, 502 నీలానికి. పొడవైన తరంగం ఎరుపుకి, పొట్టిది నీలానికి, అదే వరుస. మీకు నచ్చినట్టు తారుమారు చేయకండి.

సరే నొక్కగానే మూడు బూడిదరంగు చిత్రాలు ఒక్కటై స్తంభాలు లేచి నిలబడతాయి. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో నా చెయ్యి ఆగిపోతుంది. మన నుంచి దాదాపు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో, ఒక్కోటి కాంతి సంవత్సరాల ఎత్తున్న వాయువు కొండలు, మన బల్ల మీద!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. హైడ్రోజన్ 656, గంధకం 673, రెండూ కంటికి ఎరుపే. కంటికి కనిపించే రంగులే వేస్తే అవి రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. హైడ్రోజన్‌ను ఆకుపచ్చకు జరపబట్టే, స్తంభాల అంచుల్లో గంధకం ఎక్కడ వెలుగుతోందో, బయట వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతి ఆక్సిజన్‌ను ఎంత దూరం వెలిగిస్తోందో కనిపిస్తోంది. కాంతి నిజం, అది ఉన్న చోటు నిజం. రంగు మనం కట్టిన గుర్తు. 'అంతరిక్ష నౌకెక్కి దగ్గరికెళ్తే ఇలాగే కనిపిస్తుందా' అని కూడా అడుగుతారు. కనిపించదు. దగ్గరికెళ్లేకొద్దీ నెబ్యులా ఆకాశంలో పెద్దదవుతుంది, కానీ దాని ఉపరితల ప్రకాశం, అంటే ఆకాశంలో ఒక్కో చుక్కంత చోటు నుంచి వచ్చే వెలుగు, పెరగదు. అంత మసక వెలుతురులో మన కంటికి రంగు తెలిపే కణాలు సరిగా పనిచేయవు.

5. చివరి సవరణలు

నక్షత్రాల చుట్టూ గులాబీ ఊదా రంగు వలయాలు వస్తాయి. హైడ్రోజన్‌ను తక్కువ లాగాం కదా, నక్షత్రాల్లో ఆకుపచ్చ తగ్గి అలా అవుతుంది. గింప్‌లోని హ్యూ శాచురేషన్‌లో మెజెంటా ఒక్కదాన్నే తగ్గించండి. కర్వ్స్‌తో కాంట్రాస్ట్ కొద్దిగా పెంచండి, నలుపు మూలను మాత్రం ముట్టుకోకండి. ఒక్క రంగులోనే మెరిసే చుక్కలు కెమెరాను తాకిన కాస్మిక్ కిరణాల గుర్తులు కావచ్చు. మిగతా రెండు ఫైళ్లలో ఆ చోట ఏమీ లేదని చూసుకున్నాకే చెరపండి.

కృత్రిమ మేధతో 'స్పష్టత పెంచే' యాప్‌లలో దీన్ని వేయకండి. అవి లేని వాయువు పోగుల్ని, లేని నక్షత్రాల్ని కల్పించి అతికిస్తాయి. చూసేవాళ్లకు ఏది హబుల్ చూసిందో, ఏది యాప్ ఊహించిందో తెలిసే దారి ఉండదు.

చిత్రాన్ని ఎవరికైనా పంపేటప్పుడు కింద రెండు వరుసలు రాయండి. డేటా నాసా, ఈసా (ఐరోపా అంతరిక్ష సంస్థ), స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లది అని ఒకటి. గంధకం ఎరుపు, హైడ్రోజన్ ఆకుపచ్చ, ఆక్సిజన్ నీలం అని రెండోది. ఆ రెండో వరుస లేని చిత్రాన్ని నేను ఎవరికీ పంపను.