వేరు చుట్టూ లోకం – 3వ పాఠం: బుడిపెలు లేని పంటకు నత్రజని

కిందటి పాఠంలో పల్లి వేరు మీది బుడిపెను బ్లేడుతో కోసి చూశాం. లోపల గులాబీ రంగు కనిపిస్తే రైజోబియం, అంటే బుడిపెలో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా, పని చేస్తున్నట్టే. ఈసారి జొన్న దగ్గరికి వద్దాం. దీని వేరును ఎంత వెతికినా బుడిపె దొరకదు. మక్కకూ, వరికీ, గోధుమకూ అంతే. అయినా వీటి వేళ్ల దగ్గర కూడా గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా ఉంటుంది. అందులో మనకు పనికొచ్చేది అజోస్పైరిల్లం.

ముందు అది ఉండే చోటు చూడండి. మూడు వారాల జొన్న మొక్కను, నేల పదును మీద ఉన్నప్పుడు, పారతో మట్టిగడ్డతో సహా లేపండి. చేత్తో పీకితే సన్న వేళ్లన్నీ తెగి నేలలోనే ఉండిపోతాయి. మెల్లగా దులపండి. మట్టి రాలిపోయినా వేరును పట్టుకుని ఒక పలుచని పొర మిగులుతుంది. మన ఎర్ర చెలకల్లో అయితే ఇసుక రేణువులు వేరుకు తొడుగులా అతుక్కుని ఉంటాయి. ఈ పాఠమంతా ఆ పొర గురించే. వేరు నుంచి చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు ఊరుతుంటాయి. వాటి కోసమే బ్యాక్టీరియా అక్కడ గుంపు కడుతుంది. రెండు సాళ్ల నడుమ ఖాళీ మట్టిలో అంత తిండి ఉండదు.

ఈ జీవిని డచ్ శాస్త్రవేత్త బైయరింక్ 1925లోనే వర్ణించాడు కానీ చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970లలో బ్రెజిల్‌లో యొహానా డోబరైనర్ అనే శాస్త్రవేత్త గడ్డిజాతి పంటల వేళ్లలో దీన్ని వెతికి పట్టింది. అజోస్పైరిల్లం అన్న పేరు 1978లో వచ్చింది. పరిశోధకులు ఎక్కువగా వాడే ఎస్‌పి245 అనే రకం బ్రెజిల్ గోధుమ వేళ్ల నుంచి తీసిందే. మన దగ్గర గోధుమ లేనట్టే కాబట్టి ఆ పరిశోధనల్లో తేలినదాన్ని జొన్నకూ మక్కకూ అన్వయించుకుందాం.

డోబరైనర్ దీన్ని పట్టిన తీరు చూడండి. గట్టిగానూ పలుచగానూ కాని జెల్లీ లాంటి మాధ్యమాన్ని గాజు సీసాలో పోసి, అందులో వేరు ముక్క వేసేవారు. కొన్ని రోజులకు పై అంచుకు కొద్ది మిల్లీమీటర్ల కింద తెల్లటి పొర కట్టేది. సరిగ్గా పైన ఎందుకు కాదు? నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ ఎంజైమ్‌కు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. బ్యాక్టీరియాకేమో ఊపిరికి కొంచెం ఆక్సిజన్ కావాలి. రెంటికీ కుదిరే లోతు అదే.

ఇప్పుడు అసలు సంగతి. అజోస్పైరిల్లం కలిపితే యూరియా మానేయొచ్చని షాపుల్లో చెబుతుంటారు. నమ్మకండి. బుడిపెలో ఉండే రైజోబియంతో పోలిస్తే ఇది పంటకిచ్చే నత్రజని బాగా తక్కువ. దీని మేలు ఎక్కువగా మరో దారిలో వస్తుంది. ఇది ఆక్సిన్ అనే హార్మోన్ తయారు చేస్తుంది, దానితో పిల్లవేళ్లు, నూగువేళ్లు పెరుగుతాయి. పాలమూరు, నల్లగొండ చెలకల్లో వాన ఎడం పెట్టినప్పుడు ఆ అదనపు వేళ్లే అక్కరకొస్తాయి. ఇంకొకటి, నేలలో యూరియా దండిగా ఉంటే ఈ జీవి నత్రజని పట్టే పని ఆపేస్తుంది. కాబట్టి యూరియాను ఒకేసారి కుమ్మరించకుండా విడతలుగా వేయండి.

ఇక అజోస్పైరిల్లంను విత్తనానికి పట్టించడం. ఎకరాకు వేసే మూడు నాలుగు కిలోల జొన్నకు 200 గ్రాముల ప్యాకెట్ ఒకటి చాలు. కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. ఎండ పడే రేకుల షెడ్డులో పడేసిన ప్యాకెట్ వద్దు. లీటరు నీళ్లలో 100 గ్రాముల బెల్లం మరిగించి, పూర్తిగా చల్లార్చండి. గింజ తడిసీ తడవనంత చిలకరించి, పొడి కలిపి, నీడన గోనెసంచి మీద ఆరబెట్టి, ఆ రోజే విత్తేయండి. మొవ్వు ఈగ మందు, తెగుళ్ల మందు పట్టించాలంటే అవి ముందు రోజే కానివ్వండి, బ్యాక్టీరియా ఎప్పుడూ చివరిదే.

ఇంటి పని: నాలుగు సాళ్లు పట్టించని గింజతో విత్తి, గుర్తుకు కట్టె పాతండి. మూడు వారాలకు రెండు వైపులా ఐదేసి మొక్కలు లేపి, బకెట్ నీళ్లలో కడిగి, వేళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. యూరియా మాత్రం అన్ని సాళ్లకూ ఒకేలా పడాలి, లేదంటే తేడా దేనివల్ల వచ్చిందో తేలదు. వచ్చే పాఠం సాగర్ ఎడమ కాలువ కింది వరి మడిలో, అజొల్లాతో.