మన చివరి యాత్రకు పాట ఎంచుకునే ముందు జాగ్రత్తలు

ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. "అవేం మాటలండీ, అశుభం" అంటారు. ఆ రోజుకు వదిలేసి, ఇంకో రోజు మళ్లీ కదపండి.

కోరికలు వీలునామాలో మాత్రమే రాసి ఊరుకోకండి. చాలా ఇళ్లలో దాన్ని పెద్దకర్మ అయ్యాకే తీస్తారు. విడిగా ఒక కాగితం రాసి ఇద్దరి దగ్గర ఉంచండి.

పాట ఫోన్‌లోనే ఉంచుకోవద్దు. మా నాన్నగారికి ఒక సన్నాయి కచేరీ అంటే ప్రాణం. ఆయన పోయిన రోజు అది ఫోన్‌లోనే ఉంది, లాక్ ఎవరికీ తెలియదు. విజయవాడ కృష్ణలంక శ్మశానం దాకా బండిలో ఘంటసాల భగవద్గీతే మోగింది. అదీ గొప్పదే, కానీ ఆయన అడిగింది అది కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే పెన్‌డ్రైవ్‌లో వేసి, పేరు రాసి, బీరువాలో ఏ అరలో ఉందో చెప్పండి.

డప్పులు వద్దనుకుంటే స్పష్టంగా రాయండి. లేకపోతే బంధువులు డప్పులవాళ్లను మాట్లాడేస్తారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు కుదరదు.

నచ్చిన ఫొటో, కట్టాల్సిన చీర లేదా పంచె, పూలు: ఒక్కో ముక్క రాస్తే చాలు.

నేత్రదానం చేయాలనుకుంటే అది కాగితంలో మొదటి వరుసలో, ఐ బ్యాంకు నంబరుతో సహా ఉండాలి. ప్రాణం పోయిన 6 గంటల్లోపే కళ్లు సేకరించాలి. వాళ్లు వచ్చేదాకా ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి, పైన తడి దూది ఉంచాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు అందుకోలేకపోతే వీడియో కాల్ ఎవరు పట్టుకోవాలో కూడా రాయండి.