లైట్ల కింద చామంతి: కొమ్మ కోసే ముందు, కుండీ మార్చే ముందు

గదిలో గ్రో లైట్ల కింద చామంతి పెంచేటప్పుడు మొక్కకి గండం లాంటి రోజులు రెండు ఉంటాయి. తల్లి మొక్క నుంచి కొమ్మ కోసిన రోజు ఒకటి, వేరు పట్టిన పిల్ల మొక్కను కుండీలోకి మార్చిన రోజు ఇంకొకటి. మొదటి రోజు దానికి వేర్లే ఉండవు. రెండో రోజు ఉన్న వేర్లు కొన్ని తెగుతాయి. ఆకులు మాత్రం రెండుసార్లూ నీరు వదులుతూనే ఉంటాయి. ఒక దెబ్బ నుంచి కోలుకోకముందే ఇంకో దెబ్బ పడితే మొక్క నిలదొక్కుకోలేదు. అందుకే ఈ పనుల మధ్య తగినంత ఎడం ఉండాలి. ఆ ఎడం కుదరాలంటే కత్తి పట్టకముందే తేదీలు వేసుకోవాలి.

తేదీలు ఎలా వేయాలో తెలియాలంటే చామంతి స్వభావం కొంచెం తెలియాలి. ఇది రాత్రి పొడవును చూసి పూసే మొక్క. పగలు, రాత్రి పొడవులే పూతను నిర్ణయిస్తాయని గార్నర్, అలార్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1920లో పొగాకు, సోయా మొక్కల మీద పరిశోధించి ప్రకటించారు. చామంతిది కూడా అదే తీరు. రోజుకు 16 గంటలు లైటు వెలిగితే ఆకులు వేస్తూ పెరుగుతుంది. రోజూ 13, 14 గంటలు ఎడతెగని చీకటి ఇస్తే మొగ్గ వేస్తుంది. తోటల్లో వేసే కొన్ని తొందర రకాలు పగటి పొడవును పెద్దగా పట్టించుకోవు కాబట్టి గదిలో పెంచడానికి రకం ఎంచుకునేటప్పుడు ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు పూలు కావాల్సిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెడదాం. చీకటి మొదలుపెట్టాక పూలు విచ్చుకోవడానికి రకాన్ని బట్టి 8 నుంచి 10 వారాలు పడుతుంది. దానికి ముందు, తలలు (కొమ్మల చివరి చిగుళ్ళు) తుంచాక పక్క కొమ్మలు సాగడానికి ఒకటి రెండు వారాలు కావాలి. కుండీలో నాటిన రోజు నుంచి తుంచే రోజుకి రెండు వారాలు. కోసిన ముక్క వేరు పట్టడానికి ఇంకో రెండు వారాలు. వీటన్నిటి మీద ఒక వారం అదనంగా వేసుకోండి, ఏదో ఒకచోట ఆలస్యం తప్పదు. అంటే పూల తేదీకి దాదాపు నాలుగు నెలల ముందు కత్తి చేతిలో ఉండాలి. ఇలా లెక్క వేసుకోని వాళ్ళు చివర్లో టెన్షన్ పడి, కుండీ మార్చిన రోజే తలలు తుంచి, ఆ రాత్రే చీకటి కూడా మొదలుపెట్టేస్తారు. అలా చేస్తే మొక్క పొట్టిగా ఉండిపోయి నాలుగు పూలతో సరిపెడుతుంది.

తల్లి మొక్క దగ్గర చూసుకోవాల్సిన మొదటి విషయం మొగ్గ. మొగ్గ పట్టిన కొమ్మ వేరు పట్టడానికి మొరాయిస్తుంది. పట్టినా ఆ తలలో మొగ్గే ముందుకొస్తుంది తప్ప మంచి చిగురు రాదు. కాబట్టి కోతకి చాలా ముందు నుంచే తల్లి మొక్కను 16 గంటల వెలుగులో ఉంచండి. టైమర్ మీద మాత్రమే ఆధారపడండి, చేత్తో స్విచ్ వేసే అలవాటు ఏదో ఒక రోజు మరుపులో పోతుంది. ముదిరిపోయిన తల్లి మొక్క నుంచి వచ్చే చిగుళ్ళు సన్నబడతాయి, వేరు నెమ్మదిగా పడుతుంది. అలాంటి మొక్క మీద జాలిపడకుండా కొత్త తల్లిని తయారు చేసుకోవడమే మంచిది. బయటి నుంచి కొత్త మొక్క తెస్తే కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచి పేనుబంక, తామర పురుగు, ఎర్రనల్లి ఉన్నాయేమో ఆకుల అడుగున చూడండి.

కోసే ముందు రోజు తల్లి మొక్కకు బాగా నీళ్ళు పెట్టండి. లైట్లు వెలిగిన కాసేపటికే, ఆకులు నిండుగా బిగిసి ఉన్నప్పుడు కోయండి. చిగురు చివర నుంచి 5 నుంచి 8 సెంటీమీటర్ల ముక్క చాలు. వంచితే పుటుక్కున విరగాలి, అదీ సరైన పదును. నారలా సాగితే ముదిరినట్టు, నలిగిపోతే ఇంకా లేతగా ఉన్నట్టు.

కత్తి శుభ్రత గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చామంతికి పొట్టితనం తెచ్చే వైరాయిడ్ (వైరస్ కంటే చిన్నదైన రోగకారకం) ఒకటుంది. మొక్క చూడ్డానికి బాగానే ఉన్నట్టుంటుంది కానీ ఎదగదు, పూలు చిన్నవైపోతాయి, మందు లేదు. అది ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు కత్తి మీద, చేతుల మీద పాకుతుంది. స్పిరిట్‌తో తుడిస్తే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా చాలావరకు పోతాయి గానీ వైరాయిడ్ విషయంలో దాన్ని నమ్ముకోలేం. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, ఒక తల్లి మొక్క నుంచి ఇంకోదానికి వెళ్ళే ముందు ప్రతిసారీ కత్తిని అందులో ముంచండి. రెండు కత్తులు పెట్టుకుంటే ఒకటి నానుతుండగా రెండోది వాడొచ్చు. బ్లీచ్‌ని స్పిరిట్‌తోగానీ వెనిగర్‌తోగానీ బాత్రూమ్ క్లీనర్‌తోగానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువులు వస్తాయి. కిటికీ తెరిచి పని చేయండి.

కోసిన ముక్క అడుగున ఉన్న ఆకులు తీసేసి, వేరు మందు పొడిలో చివరి అర సెంటీమీటరు మాత్రం అద్ది, ఎక్కువైంది దులిపేయండి. ఇండోల్ బ్యూటైరిక్ యాసిడ్ 1000 నుంచి 1500 పీపీఎం ఉన్న పొడి చామంతికి సరిపోతుంది. ఎక్కువ గాఢత ఉన్నది వాడితే వేరు త్వరగా వస్తుందనుకోవడం పొరపాటు, చివర కాలి నల్లబడుతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్లని ఖనిజపు పలుకులు) సగం సగం కలిపిన తడి మిశ్రమంలో రెండు సెంటీమీటర్ల లోతున గుచ్చండి. ఇప్పుడే ఎరువు వద్దు, తినడానికి ఇంకా వేర్లే లేవు.

మొదటి వారం పైన పారదర్శకమైన మూత ఉండాలి, లోపల గాలి తడిగా ఉండాలి. ఆకుల మీద నీటి చుక్కలు మాత్రం గంటల తరబడి నిలవకూడదు, అక్కడే బూజు మొదలవుతుంది. అడుగున 20 నుంచి 23 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం ఉంటే వేరు త్వరగా వస్తుంది. లైటు తీవ్రత సగానికి తగ్గించండి, గంటలు మాత్రం 16కి తగ్గొద్దు. ఇక్కడే చాలామంది తడబడతారు. మెల్లని వెలుగు, తక్కువ గంటలు రెండూ ఒకటే అనుకుని టైమర్ తగ్గిస్తారు. వేరు పట్టేలోపే తలలో మొగ్గ కూర్చుంటుంది.

పదో రోజు నుంచి ఒకటి రెండు ముక్కలను మెల్లగా పైకి లాగి చూడండి. పట్టు తెలిస్తే వేరు వచ్చినట్టే. మూతను ఆ రోజు కాసేపు, మర్నాడు ఇంకాస్త ఎక్కువసేపు తెరుస్తూ మూడు నాలుగు రోజుల్లో పూర్తిగా తీసేయండి. ఒక్కసారిగా తీస్తే వేరున్నా వాడిపోతాయి.

కుండీ మార్చే రోజును క్యాలెండర్‌కి వదలకండి, వేరును చూసి నిర్ణయించండి. చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల తెల్లని వేర్లు కనిపిస్తే అదే సమయం. అంతకుముందే తీస్తే మిశ్రమం రాలిపోయి వేర్లు తెగుతాయి. వేర్లు గోధుమ రంగుకి తిరిగి గుండ్రంగా చుట్టుకునేదాకా ఆగితే కాండం గట్టిపడుతుంది, కుండీలోకి వెళ్ళాక కూడా కదలదు. నా ఉద్దేశంలో ఆలస్యమే ఎక్కువ చెరుపు. తొందరపడి నాటిన మొక్క వారంలో సర్దుకోవచ్చు, గిడసబారిపోయినది ఆ పంటకి ఇక అంతే.

నాటేటప్పుడు ముక్క ఇదివరకు ఎంత లోతులో ఉందో అంతే ఉంచండి. నిలబడటం లేదని కాండాన్ని లోతుగా పూడిస్తే మొదలు కుళ్ళుతుంది. 15 సెంటీమీటర్ల కుండీలో నాలుగైదు పిల్లలు పెడితే గుబురుగా వస్తుంది. ఒక్క చిన్న పిల్లను పెద్ద కుండీలో పెడితే వేరు లేని చోట మట్టి రోజుల తరబడి తడిగా ఉండి కుళ్ళు పట్టుకుంటుంది. లైట్లు ఆరబోయే ముందు నాటితే మంచిది, రాత్రంతా కోలుకునే సమయం దొరుకుతుంది. రెండు మూడు రోజులు ఫ్యాన్ గాలి నేరుగా తగలనివ్వకండి.

నాటాక మొక్క కొత్త ఆకు వేయాలి. ఆ ఆకు వచ్చేదాకా తుంచడం, మందు కొట్టడం, కుండీ చోటు మార్చడం ఏదీ వద్దు. రెండు వారాలకి పెరుగుదల కనిపించాక ఒక్కో మొక్కకి ఆరేడు ఆకులు మిగిలేలా తల తుంచండి.

ఇక మీ గురించి. చామంతి ఆకుల రసం కొందరి చర్మానికి పడదు, దురద, దద్దుర్లు వస్తాయి. పదుల సంఖ్యలో ముక్కలు కోసే రోజు గ్లవ్స్ వేసుకోండి. పిల్లి, కుక్క ఉంటే ఆ గదిలోకి రానివ్వకండి, ఈ మొక్క వాటికి విషం. కరెంటు వైర్లు ప్లగ్గుకి చేరేముందు కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా కట్టండి, నీరు జారినా ప్లగ్గులోకి పోదు. నీళ్ళు పోసేటప్పుడు లైట్లు ఆపండి. పొడిగింపు బోర్డు నేల మీద పెట్టొద్దు.

చీకటి మొదలుపెట్టే ముందు రాత్రిపూట ఆ గదిలో పది నిమిషాలు నిలబడి చూడండి. కళ్ళు అలవాటు పడ్డాక తలుపు సందు, కర్టెన్ అంచు, చార్జర్ మీది ఎర్ర లైటు అన్నీ కనిపిస్తాయి. వాటన్నిటినీ మూసేయండి. అర్ధరాత్రి కాసేపు పడే వెలుగు చాలు, మొక్క ఆ రాత్రిని చిన్న రాత్రిగా లెక్కేసుకుని మొగ్గను వాయిదా వేస్తుంది. పూర్తిగా మూసిన గదిలో రాత్రి వేడి పెరిగినా పూత వెనకబడుతుంది కాబట్టి గాలి తిరిగే దారి ఉంచండి, వెలుగు రాకుండా దానికి మలుపు పెట్టండి. మొగ్గల మీద రంగు తొంగిచూసిన దగ్గర్నుంచి చీకటి లెక్క అవసరం లేదు, లైట్లు మీ వీలును బట్టి వేసుకోవచ్చు.